రైల్వేవాళ్ళ గుండె లెక్క, మన సంఘం సర్వే ఫారము

ఈసారి రాసింది కొంచెం పొడుగు. కాఫీ తాగి, కళ్ళద్దాలు తుడుచుకుని నిదానంగా చదవండి. తొందరలో ఉండేవాళ్ళు రాత్రికి చదువుకోవచ్చును.

మన గ్రూపులో రెండు వారాలుగా ఒక మెసేజు తిరుగుతా ఉంది. అందరూ చూసే ఉంటారు. "1967లో రైల్వే ఉద్యోగుల మీద పరిశోధన చేసినారు. నెయ్యి తినే పంజాబీలకు గుండెపోటు తక్కువ, నూనె తినే మదరాసువాళ్ళకు ఏడింతలు ఎక్కువ. కాబట్టి డాక్టర్ల మాట వదిలేయండి, నెయ్యీ టెంకాయ నూనే ధారాళంగా పోసుకోండి" అని. దాని కిందనే నలుగురైదుగురు మమ్మల్ని పేరు పెట్టి అడిగినారు: "మీరు రైల్వేలో ఉన్నవాళ్ళు కదా మామా, ఇది నిజమా?" అదే వారంలో మన కమిటీవాళ్ళు ఆరోగ్య సర్వే అని ఫోనులో ఒక ఫారము పంపినారు. దాంట్లో వచ్చే లెక్కను పొంగలు పండగ నాటికి కరపత్రంగా అచ్చు వేయాలని తీర్మానము. ఈ రెండూ వేరువేరు సంగతులు కావు, ఒకటే జబ్బుకు రెండు గుర్తులు. అందుకని కలిపి రాస్తున్నాము.

మొదట ఒక మాట. ఆ రైల్వే పరిశోధన కట్టుకథ కాదు. డాక్టర్ ఎస్.ఎల్. మల్హోత్రా అని రైల్వే వైద్యశాఖలో పెద్ద డాక్టరు. 1958 నుంచి 1962 వరకు గుండె జబ్బుతో చనిపోయిన రైల్వే ఉద్యోగుల లెక్కలు తీసి, 1967లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాసినారు. 18 నుంచి 55 ఏండ్ల వయసువాళ్ళు, దేశమంతా కలిపి పది లక్షలు దాటిన ఉద్యోగులు. దక్షిణాదిలో చావులు పంజాబుకంటే సుమారు ఏడింతలు. కొవ్వు పదార్థాలు చూస్తే పంజాబువాళ్ళే మనకంటే ఎన్నో రెట్లు ఎక్కువ తినేవాళ్ళు. వాళ్ళది ఎక్కువగా పాలూ పెరుగూ నెయ్యీ, మనది గింజల నూనెలు. ఇంతవరకు మెసేజు చెప్పింది సరే.

అలాంటి లెక్క ఇంకెక్కడా కాక రైల్వేలో ఎందుకు తీయగలిగినారు? ముప్పై ఏండ్లు రిజిస్టర్లు రాసిన మాకు అది బాగా తెలుసును. ఊళ్ళో ఎంతమంది చనిపోయినారని అడిగితే ఎవరైనా వేళ్ళ మీద చెప్తారు. ఎంతమందిలో ఎంతమంది అని అడిగితేనే నోరు మూతపడుతుంది. రైల్వేలో ఆ కింది సంఖ్య ఉంది. ప్రతి మనిషికీ సర్వీసు రిజిస్టరు, పుట్టిన తేదీ, చేరిన తేదీ. మనిషి పోతే ఇంట్లోవాళ్ళకు ప్రావిడెంటు ఫండూ పెన్షనూ రావాలి కాబట్టి ఆ చావు కాగితం మీదకు రాకుండా పోదు. గ్యాంగ్‌మన్ అయినా స్టేషన్ మాస్టరైనా చావు లెక్కలో ఒకటికి ఒకటే. ఈ విధమైన పరిశోధనను అబ్జర్వేషనల్ స్టడీ అంటారు. ఎవరికీ మందు ఇయ్యరు, ఎవరి తిండీ మార్చరు. ఉన్నది ఉన్నట్టు చూసి, రాసి, పోల్చడమే. గుమాస్తా పనికి అన్నదమ్ముడు అనుకోండి.

మరి లెక్క సరైనదైతే నెయ్యి మాట కూడా సరేనా? ఇక్కడే మెసేజు పట్టాలు తప్పింది.

మల్హోత్రాగారు పోల్చింది ప్రాంతాలను, మనుషులను కాదు. చనిపోయిన ఒక్కొక్క మనిషీ ఎంత నెయ్యి తిన్నాడు, ఎంత నూనె తిన్నాడు అని ఆ లెక్కలో లేదు. మద్రాసు ప్రాంతం సగటు ఇంత, పంజాబు సగటు ఇంత, అంతే. మన పొల్లాచ్చి తాలూకాలో టెంకాయ తోపులు జాస్తి, బాకీలున్న రైతులూ జాస్తి. అందుకని తోపు ఉన్నవాడే బాకీదారుడని చెప్పవచ్చునా? బాకీ ఉన్నవాళ్ళలో సగం మంది తోపు లేని కౌలుదార్లే అయి ఉండవచ్చును. ఊరి సగటును తీసి ఒక మనిషి తల మీద పెట్టకూడదు. పంజాబుకూ మద్రాసుకూ నెయ్యి ఒక్కటేనా తేడా? గోధుమా బియ్యమూ తేడా, ఒంటి కట్టు తేడా, ఎండ తేడా, చక్కెర జబ్బు ఎంత ఉందో అదీ తేడా. ఏడింతలకు కారణం వీటిలో ఏది, ఎంత అని ఆ సంఖ్య తనంతట తాను చెప్పదు. మల్హోత్రాగారు పాలకొవ్వు వైపూ, నమిలి తినే అలవాటు వైపూ వేలు చూపినారు. అది ఆయన ఆలోచన. ఆలోచన వేరు, రుజువు వేరు.

ఇంకొకటి, చావు కారణము ఎవరు రాస్తారు? కారణము గడిలో "గుండె ఆగి మరణము" అని ఉండే కాగితాలు ఎన్ని చూసి ఉంటాము! గుండె ఆగకుండా చచ్చినవాడు లోకంలో ఎవడు? పెద్దాసుపత్రి పక్కన ఉన్నవాడికి ఇ.సి.జి. తీసి రాస్తారు. అడవి పక్కన చిన్న స్టేషనులో పోయినవాడికి ఎవరో చెప్పింది విని రాస్తారు. ఏ లెక్క చదివినా, రెండు చోట్లా కారణాన్ని ఒకే కొలతతో రాసినారా అని మొదట అడగాలి. ఆ ప్రశ్న వేసినందుకు మల్హోత్రాగారిని తక్కువ చేసినట్టు కాదు.

ఆ మెసేజు రాసినవాళ్ళు 1967లోనే ఆగిపోయినారు. 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో మన దేశంలోని రాష్ట్రాలన్నిటి లెక్కా వచ్చింది. గుండె, రక్తనాళాల జబ్బులు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో కేరళా తమిళనాడూ ఉన్నాయి, వాటి పక్కనే పంజాబూ ఉంది. నెయ్యి కాపాడేది నిజమైతే ఈ యాభై ఏండ్లలో పంజాబువాళ్ళు నెయ్యి మానేసినారా ఏమి?

మేము నలుగురు పెన్షన్‌వాళ్ళము పోయిన సంవత్సరం ఒక పాఠము చదివినాము. చెన్నైలో ఐ.సి.ఎం.ఆర్. వాళ్ళ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎపిడెమియాలజీ ఉంది కదా, వాళ్ళు ఆరోగ్య పరిశోధన మూలసూత్రాలు అని ఇంటర్నెట్టులో పాఠాలు పెట్టినారు. పాఠాలు వినడానికి రూకలు కట్టనక్కరలేదు. మేమందరమూ అరవంలో చదివినవాళ్ళము, తెలుగు అక్షరాలు కూడా ఈ సంఘం తరగతిలో పెద్దయినాక నేర్చినవే. ఇంగ్లీషు పాఠాన్ని ఆపి ఆపి, ఒకరు అరవంలో అర్థం చెప్తే ఒకరు తెలుగులో రాసుకుని, అట్లా ముగించినాము. మా అందరికీ నచ్చింది అందరం రైలుబండివాళ్ళము కాబట్టి బస్సువాళ్ళ కథ. అది చెప్పకుండా పోలేము.

లండన్‌లో జెర్రీ మారిస్ అనే డాక్టరు 1953లో సుమారు 31,000 మంది రవాణా ఉద్యోగుల లెక్క అచ్చు వేసినారు. అక్కడ రెండంతస్తుల బస్సులు. డ్రైవరు రోజంతా కూర్చునే ఉంటాడు. కండక్టరు రోజంతా మెట్లెక్కీ దిగీ టికెట్లు కోస్తాడు. ఇద్దరూ ఒకే కంపెనీ, ఒకే వర్గం మనుషులు. గుండె జబ్బు డ్రైవర్లకే ఎక్కువ. నడకా కష్టమూ గుండెకు మంచిదని లోకం నమ్మడానికి ఈ లెక్క పెద్ద అడుగు. కానీ మారిస్ అక్కడ ఆగలేదు, 1956లో ఇంకో కాగితం రాసినారు. దేని మీద? యూనిఫారము కొలతల మీద! బట్టలు కుట్టించే రిజిస్టరు తీసి నడుము కొలతలు చూస్తే, డ్రైవర్లు అదే వయసు కండక్టర్లకంటే లావు. పడుచువాళ్ళలో కూడా అంతే. అంటే కూర్చున్నందుకు గుండె చెడిందా, లేక లావుగా ఉండేవాళ్ళే డ్రైవరు ఉద్యోగానికి పోయినారా? తన లెక్కను తానే పట్టుకుని కుదిపినారాయన. యూనిఫారము రిజిస్టరు రాసిన గుమాస్తా ఎవరో కానీ, ఆయన చేసిన పుణ్యం ఆయనకు తెలిసే ఉండదు.

ఇట్లా రెండిటికీ వెనకాల నిలబడి రెండిటినీ ఆడించే మూడోదాన్ని కన్‌ఫౌండర్ అన్నారు పాఠంలో. మా నలుగురిలో ఒక అన్న దానికి "తెర వెనక బొమ్మలాటవాడు" అని పేరు పెట్టినారు. మాకు అదే నిలిచిపోయింది.

అయితే చూసి రాసే లెక్కలన్నీ నమ్మరానివా? కాదు. దీనికి మన తెలుగుసీమ కథే ఉంది, మన ఇళ్ళలో పిల్లకాయలకు కూడా చెప్పవచ్చును. పాత మద్రాసు రాజధానిలో బెరిబెరి అని జబ్బు ఉండేది. కాళ్ళు మొద్దుబారి, వాచి, గుండె చెడి మనుషులు పోయేవాళ్ళు. ఆ జబ్బు అరవ జిల్లాలలోకంటే ఉత్తర సర్కారు జిల్లాలలో, అంటే గోదావరి, కృష్ణ వైపు మన తెలుగువాళ్ళలో ఎక్కువ. ఎందుకు? అరవవాళ్ళు తినేది పుళుంగల్ అరిసి, ఉప్పుడు బియ్యము. అక్కడివాళ్ళు తినేది మిల్లులో తెల్లగా పాలిషు పట్టిన పచ్చి బియ్యము. వడ్లను ఉడకబెట్టి ఎండబెడితే తవుడులో ఉండే బి1 విటమిను గింజ లోపలికి ఇంకుతుంది, పాలిషు పట్టినా అంతా పోదు. మనవాళ్ళు కొందరు ఇది వినగానే "చూసినారా, మన పెద్దలు నాయకుల కాలంలో ఇక్కడికి వచ్చి బతికిపోయినారు" అంటారు. అది సరికాదు. పెద్దలు వచ్చిన కాలానికి ఈ పాలిషు మిల్లులే లేవు, అప్పుడు అక్కడా ఇక్కడా దంచిన బియ్యమే.

ఈ బియ్యం సంగతి మొదట లెక్క కట్టింది జావాలో. 1897లో వోర్డర్‌మాన్ అనే డచ్చి అధికారి జావా, మదురా దీవులలోని 100 పైచిలుకు జైళ్ళు చూసిన లెక్క అచ్చు వేసినారు. ఖైదీలు రెండున్నర లక్షలు దాటి ఉన్నారు. తెల్ల బియ్యం పెట్టే జైళ్ళలో 39 మందికి ఒకరికి బెరిబెరి. ముడి బియ్యం పెట్టేచోట సుమారు 10,000 మందికి ఒకరికి. ఇంత తేడా వచ్చినాక కూడా ఆయన "బియ్యమే" అని సంతకం పెట్టి ఇంటికి పోలేదు. కట్టడం పాతదా కొత్తదా, గాలి వస్తుందా, నేల తేమా, జనం కిక్కిరిసి ఉన్నారా అన్నీ రాసుకున్నారు. వాటిలో దేనికీ జబ్బుతో పొత్తు కుదరలేదు. బొమ్మలాటవాణ్ణి వెతికి, లేడని చూసుకుని అప్పుడు చెప్పినారు. అంతకు ముందే కోళ్ళ మీద చూసినదీ అదే, తరువాత బియ్యం మార్చినచోట జబ్బు తగ్గడమూ అదే. అందుకని ఆ లెక్కను నమ్ముతాము. మన కొండెక్కితే వచ్చే కూనూరులో మెక్‌కారిసన్ అనే దొర 1918లో ఈ బెరిబెరి కోసమే చిన్న గదిలో పరిశోధన మొదలుపెట్టినారు. ఆ సంస్థే 1958లో హైదరాబాదుకు పోయి ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఊటీకి పోయి ఫోటోలు తీసుకునే పిల్లకాయలకు దీన్ని ఎవరైనా చెప్తున్నారా?

దీనికి ఎదురుగా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం చూడండి. కవిటి, సోంపేట, పలాస, వజ్రపుకొత్తూరు అన్నీ మన ఊరి మాదిరే టెంకాయ తోటలు, పైగా జీడిమామిడి. ఎన్నో ఏండ్లుగా అక్కడ మామూలు కారణాలకు చిక్కని కిడ్నీ జబ్బు. నీళ్ళు అన్నారు, పురుగుమందు అన్నారు, ఎండలో పని అన్నారు, నొప్పి మాత్రలు అన్నారు. పెద్ద పెద్దవాళ్ళు పోయి చూసినా ఇదే కారణమని ముడి పడలేదు. అట్లాంటిది మన గ్రూపులో ఒక తమ్ముడు "టెంకాయ చెట్టుకు వేసే మందే కారణం" అని ఒక వాక్యంలో తేల్చేసినాడు. మందు జాగ్రత్తగా వాడమని చెప్పడం సరే, అది ఎప్పుడూ సరే. తెలియనిది తెలిసినట్టు చెప్పడమే సరికాదు.

ఇంక మన ఫారము. సెక్రటరీ తమ్ముడు కష్టపడి తయారు చేసినాడు, ఆయన మంచితనం మీద మాకు సందేహం లేదు. "మంచి పనికి అడ్డం పెడతారేమి అన్నా" అని ఫోనులో అన్నాడు కూడా. అడ్డం కాదు తమ్ముడూ, సిగ్నలు.

ఫారము పోయింది ఫోను గ్రూపుకు. ఆనైమలై వైపూ కిణత్తుకడవు వైపూ పల్లెల్లో ఉండే మన ముసలివాళ్ళకు ఆ ఫోనే లేదు. నింపేది కోయంబత్తూరులోనో బెంగుళూరులోనో ఉద్యోగం చేసే కొడుకులు. అంతే కాదు, ఇంట్లో జబ్బు ఉన్నవాళ్ళు ఆత్రంగా నింపుతారు, లేనివాళ్ళు "మనకెందుకు" అని వదిలేస్తారు. దాంట్లోంచి నూటికి ఇంత అని తీస్తే అది ఎవరి నూరు?

"చక్కెర జబ్బు ఉందా, లేదా" అని ఒక ప్రశ్న. రక్తం చూపించుకోనివాడు లేదనే రాస్తాడు. 2023లో వచ్చిన ఐ.సి.ఎం.ఆర్. ఇండియాబ్ లెక్కలో దేశంలో పెద్దవాళ్ళలో నూటికి 11.4 మందికి చక్కెర జబ్బు, అంటే 10 కోట్ల పైన. వాళ్ళు మనుషులను అడిగి ఊరుకోలేదు, రక్తం తీసి కొలిచినారు. అడిగింది వేరు, కొలిచింది వేరు.

తరువాతి ప్రశ్న "రోజూ రాగి సంకటి తింటారా?" ఇది చూసి మేము నవ్వుకున్నాము. మన ఇళ్ళలో రాగి ఎవరు తింటారు? చక్కెర వచ్చి, డాక్టరు అన్నం తగ్గించమన్నవాళ్ళు! ఈ ఫారము లెక్క కడితే రాగి తినేవాళ్ళకే చక్కెర ఎక్కువని తేలుతుంది. రాగి పాపం ఏం చేసింది? ఏది ముందు, ఏది వెనక అని అడగని సర్వేలో బండికి వెనక ఇంజను తగిలించినట్టు అవుతుంది.

"80 దాటిన పెద్దలు ఏం తిన్నారు" అని ఇంకోటి. నెయ్యి తిని 80 దాటినవాడు ఎదురుగా కూర్చుని చెప్తాడు. నెయ్యి తిని 52లో పోయినవాణ్ణి ఎవరు అడుగుతారు? గోడ మీద ఫోటోకు ఫారము ఇయ్యలేము కదా.

చివరకు "మనవాళ్ళకు జబ్బులు ఎక్కువ" అని తలకట్టు ఇప్పుడే రాసిపెట్టుకున్నారు. ఎవరికంటే ఎక్కువ? అదే వీధిలో ఉండే కవుండర్ల ఇంటికీ, చెట్టియార్ల ఇంటికీ పోయి అడిగినామా? పక్క బోగీ బరువు తూయకుండా మన బోగీనే బరువని ఎట్లా చెప్తాము?

ఇవన్నీ సరిదిద్దుకోవచ్చును. సరిదిద్దలేనిది ఒకటి ఉంది. అందుకే ఇంత పొడుగు రాసింది. ఆ ఫారములో పేరు, గోత్రము, ఫోను నంబరు అడిగి, ఆ కిందనే "మేనరికమా?", "ఇంట్లో ఎవరికైనా మూర్ఛ, మానసిక జబ్బు, పుట్టు లోపము ఉందా?" అని అడిగినారు. జవాబులన్నీ ఒక షీటులో చేరుతున్నాయి. ఆ షీటు తెరవగలిగినవాళ్ళు ఎనిమిది మంది. వాళ్ళలో ఇద్దరు మన వధూవర పరిచయం చూసేవాళ్ళే. వాళ్ళు చెడ్డవాళ్ళని చెప్పడం లేదు. అయినా ఒక ఆడపిల్ల సంబంధం మాట్లాడుతున్నప్పుడు "వాళ్ళ చిన్నాయనకు మూర్ఛ ఉందట" అని ఒక్క మాట జారితే, ఎక్కడ నుంచి జారిందని ఎవరిని అడుగుతారు? మన ఇళ్ళలో మేనమామను చేసుకున్నవాళ్ళు ఎందరో ఉన్నారు. వాళ్ళ బిడ్డకు ఏదైనా లోపం ఉంటే ఆ తల్లి ఇప్పటికే ఎంత మాట పడి ఉంటుంది. ఆమె చేతికి ఈ రెండు ప్రశ్నలూ పక్కపక్కన ఇస్తే, సంఘమే ఆమె వైపు వేలు చూపినట్టు. మనుషుల మీద ఆరోగ్య పరిశోధనకు ఐ.సి.ఎం.ఆర్. 2017లో నీతి నియమాలు వేసింది. చెప్పి, ఒప్పుకున్నాకే అడగాలి, వద్దంటే వదిలేయాలి, రహస్యం కాపాడాలి. మనది చిన్న సంఘము, మనకెందుకు అని అనకండి. చిన్న ఊళ్ళోనే ఎవరి గుట్టు ఎవరిదో తొందరగా తెలిసిపోతుంది.

కాబట్టి మేము అడిగేది ఇది. ఆ ఫారమును ఇవాళే మూసి, వచ్చిన జవాబులను చెరిపేయండి. సర్వే మాత్రం చేద్దాము. మన దగ్గర రైల్వే రిజిస్టరంత మంచిది ఒకటి ఉంది, చందా పుస్తకము. ఏ ఊళ్ళో ఎన్ని కుటుంబాలో దాంట్లో వరుసగా ఉంది, అదే మన కింది సంఖ్య. అందరినీ అడగనక్కరలేదు. చీటీ వేసి ఒక నంబరు తీసి, అక్కడ నుంచి ప్రతి ఏడో ఇంటికి పోదాము. తాళం వేసి ఉంటే ఇంకో నాడు మళ్ళీ పోదాము, పక్కింటితో సరిపెట్టకూడదు. ఐదేండ్లలో ఆ ఇంట్లో పోయినవాళ్ళ వయసు అడుగుదాము. బి.పి. అడగకుండా కొలుద్దాము, కూర్చోబెట్టి రెండుసార్లు. కాగితం మీద పేరు వద్దు, నంబరు చాలు. కోయంబత్తూరు మెడికల్ కాలేజీలలో కమ్యూనిటీ మెడిసిన్ శాఖ ఉంటుంది. వాళ్ళ దగ్గరకు పోయి ప్రశ్నలు చూపించి, వాళ్ళ నీతి కమిటీ సరే అన్నాకే మొదలుపెడదాము. ఆరు నెలలు పట్టనీయండి. పొంగలుకు కరపత్రం రాకపోతే ఎవరి ఇంట్లోనూ కుండ పొంగకుండా పోదు.

నూనె మాట అడిగినవాళ్ళకు మా జవాబు: టెంకాయ నూనె రక్తంలో చెడ్డ కొలెస్ట్రాలును పెంచుతుందని మనుషులకు తినిపించి కొలిచి చూసినవే ఉన్నాయి. తాళింపుకు వేసుకోండి, ధారాళంగా వద్దు. మాకూ రెండెకరాల తోపు ఉంది, కాయ ధర ఎక్కాలనే మా ఆశ కూడాను. ధర మీద ఆశతో గుండె లెక్క చెప్పకూడదు. డాక్టరు రాసిన మాత్రలను ఆ మెసేజు చూసి ఆపినవాళ్ళు ఎవరైనా ఉంటే, ఈ రాత్రికే మళ్ళీ మొదలుపెట్టి, రేపు డాక్టరును చూడండి.

మేము నలుగురము ఈ ఆదివారం పదింటికి సంఘం హాలులో ఉంటాము. చందా పుస్తకం ఖజాంచి అన్న తెస్తామన్నారు. బి.పి. మిషను ఇంట్లో ఉన్నవాళ్ళు తీసుకుని రండి. అన్నీ ఒకే మనిషి చేతికి వేసి, ఏది ఎంత తప్పు చూపుతుందో మొదట అది చూద్దాము.